ఇన్‌స్టాల్ చేసినా ‘మాడ్యూల్ లేదు’ అంటుంటే: పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లలో ఇంపోర్ట్ ఎర్రర్లను సరిచేసే పద్ధతి

‘ఈ ప్యాకేజీ ఇప్పటికే ఉంది’ అని, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ చెబుతుంది. వెంటనే ప్రోగ్రామ్ నడిపితే ‘అలాంటి మాడ్యూల్ ఏదీ లేదు’ అని పైథాన్ అంటుంది. రెండు మాటలూ ఒకే టెర్మినల్‌లో, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఆ స్థితిలో ఎవరికైనా టెన్షన్ వస్తుంది, చెయ్యి దానంతటదే మళ్లీ ఇన్‌స్టాల్ కమాండ్ వైపు వెళ్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగండి. పిప్ చెప్పిందీ నిజమే, పైథాన్ చెప్పిందీ నిజమే. ప్యాకేజీ ఒక పైథాన్‌లో ఉంది, మీ ప్రోగ్రామ్ ఇంకో పైథాన్‌తో నడుస్తోంది. నేను చూసిన ఇంపోర్ట్ ఎర్రర్లలో ఎక్కువ శాతం ఇలాంటివే. అందుకే ‘ఏం ఇన్‌స్టాల్ చేయాలి’ అనే ప్రశ్న కన్నా ముందు ‘ఏ పైథాన్ నడుస్తోంది’ అని అడగాలి.

కమాండ్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. గీతలు, చుక్కలు, ఖాళీలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. మీ సిస్టమ్‌లో పైథాన్ అన్న కమాండ్ పనిచేయకపోతే దాని బదులు పైథాన్3 వాడండి.

ముందు ఎర్రర్‌ను చివరి వరకూ చదవండి

చాలామంది ఎర్రర్ మొదటి లైను చూసి ఆగిపోతారు. పైథాన్‌లో అసలు విషయం చివరి లైనులో ఉంటుంది. అక్కడ మూడు రకాల మాటలు కనబడవచ్చు, వాటి అర్థాలు వేర్వేరు.

‘మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్డ్...’ అని ఉంటే, పైథాన్ తనకు తెలిసిన ఫోల్డర్లన్నీ వెతికినా ఆ పేరు దొరకలేదని అర్థం. ఈ ఎర్రర్‌ను 3.6 వెర్షన్‌లో చేర్చారు. అంతకుముందు అన్నిటికీ ఇంపోర్ట్‌ఎర్రర్ అన్న ఒక్క పేరే ఉండేది. ‘ఇంపోర్ట్‌ఎర్రర్: కెనాట్ ఇంపోర్ట్ నేమ్...’ అని ఉంటే మాడ్యూల్ దొరికింది, కానీ మీరు అడిగిన ఫంక్షనో క్లాసో అందులో లేదు. ఇది వెర్షన్ సమస్య కావచ్చు, లేదా దొరికింది వేరే ఫైల్ కావచ్చు. మూడోది ‘డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్’, ‘కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ లాంటిది. ప్యాకేజీ సరైన చోటే ఉంది, దాని లోపల సీ భాషలో రాసిన భాగం లోడ్ కాలేదు.

లేదని చెబుతున్న పేరు ఏదో కూడా గమనించండి. మీరు పాండాస్‌ను ఇంపోర్ట్ చేస్తుంటే ఎర్రర్‌లో వేరే పేరు కనబడవచ్చు. అప్పుడు పాండాస్ ఉంది, దానికి కావలసిన ఇంకో ప్యాకేజీ లేదు. ఎర్రర్ మధ్యలో కనిపించే ఫైల్ దారులను కూడా చూడండి. అవి మీ ప్రాజెక్ట్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్ లోపలివా, బయటివా అన్నది చూస్తే చాలాసార్లు జవాబు అక్కడే తెలిసిపోతుంది.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటే అసలు ఏమిటి

ఇది తెలియకుండా చిట్కాలు ఎన్ని నేర్చుకున్నా ఉపయోగం తక్కువ. ఒక్కో ప్రాజెక్ట్‌కు కావలసిన ప్యాకేజీలను విడిగా పెట్టుకునే చోటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. వెన్వ్ అనే మాడ్యూల్ 2012లో వచ్చిన పైథాన్ 3.3తో భాషలోనే భాగమైంది. అది తయారుచేసేది మామూలు ఫోల్డర్ మాత్రమే. అందులో పైవెన్వ్.సీఎఫ్‌జీ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. లినక్స్, మ్యాక్‌లలో బిన్ అనే ఫోల్డర్, విండోస్‌లో స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. ప్యాకేజీలన్నీ సైట్-ప్యాకేజెస్ అనే ఫోల్డర్‌లో చేరతాయి. పైథాన్ మొదలవగానే తన పక్కనగానీ, ఒక ఫోల్డర్ పైనగానీ పైవెన్వ్.సీఎఫ్‌జీ ఉందా అని చూసుకుంటుంది. ఉంటే ఆ ఎన్విరాన్‌మెంట్ సైట్-ప్యాకేజెస్‌లో వెతుకుతుంది, లేకపోతే సిస్టమ్‌దాన్ని వాడుకుంటుంది.

మరి యాక్టివేట్ చేయడం ఏం చేస్తుంది? కమాండ్ల కోసం ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ అనే వేరియబుల్ మొదట్లో ఆ బిన్ ఫోల్డర్‌ను చేర్చి, వర్చువల్_ఎన్వ్ అనే వేరియబుల్‌ను పెట్టి, ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లలో పేరు చూపిస్తుంది. ముఖ్యమైన పని అంతే. కాబట్టి ప్రాంప్ట్‌లో పేరు కనబడినంత మాత్రాన సరైన పైథాన్ నడుస్తున్నట్టు కాదు. యాక్టివేట్ చేయకపోయినా, ఎన్విరాన్‌మెంట్ లోపలి పైథాన్‌ను పూర్తి దారితో పిలిస్తే అంతా సక్రమంగా పనిచేస్తుంది.

ఒకటో అడుగు: నడుస్తున్న పైథాన్ ఏదో అడగండి

ఎర్రర్ వచ్చిన టెర్మినల్‌లోనే ఇది కొట్టండి:

పైథాన్ -సి "ఇంపోర్ట్ సిస్; ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)"

వచ్చిన దారి మీ ప్రాజెక్ట్‌లోని .వెన్వ్ ఫోల్డర్ (ఎన్విరాన్‌మెంట్‌కు సాధారణంగా పెట్టే పేరు ఇది) లోపలిదై ఉండాలి. ఎర్రర్ ఎడిటర్‌లోనో నోట్‌బుక్‌లోనో వచ్చి ఉంటే, కొటేషన్ల లోపలి ఆ రెండు ముక్కలూ అక్కడే, ఎర్రర్ ఇచ్చిన ఫైల్ మొదట్లోనే పెట్టి నడపండి. టెర్మినల్‌లో వచ్చిన జవాబు ఎడిటర్‌కు వర్తించదు.

రెండో అడుగు: పిప్ ఎవరిదో అడగండి

పిప్ --వెర్షన్

ఈ లైను చివర పిప్ ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో, ఏ పైథాన్ వెర్షన్‌కు చెందిందో చూపిస్తుంది. ఒకటో అడుగులో వచ్చిన దారితో పోల్చండి. ‘రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్’ అన్న లైను చివర కూడా ఆ ప్యాకేజీ ఏ సైట్-ప్యాకేజెస్‌లో ఉందో రాసి ఉంటుంది. రోజూ కళ్ల ముందే ఉన్నా ఎవరూ చదవని ఆధారం అది.

రెండూ వేర్వేరు చోట్ల ఉంటే తప్పు దొరికినట్టే. అప్పుడు చేయాల్సింది ఇది (రిక్వెస్ట్స్ బదులు మీ ప్యాకేజీ పేరు పెట్టండి):

పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ రిక్వెస్ట్స్

‘ఏ పైథాన్ నడుస్తుందో, దాని పిప్‌నే వాడు’ అని ఈ రూపం చెబుతుంది. ఒట్టి పిప్ అని కొట్టడం పూర్తిగా మానేసి ఇదే అలవాటు చేసుకోమని నేను గట్టిగా చెబుతాను. ఇక్కడ ‘నో మాడ్యూల్ నేమ్డ్ పిప్’ అని వస్తే ఆ ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ లేదు. యూవీ అనే టూల్‌తో తయారుచేసిన ఎన్విరాన్‌మెంట్లలో మామూలుగా పిప్ ఉండదు. అప్పుడు ఒట్టి పిప్ కొడితే బయటి పిప్ పలుకుతుంది, ప్యాకేజీ బయట పడుతుంది. అలాంటి చోట యూవీ పిప్ ఇన్‌స్టాల్ వాడండి. లేకపోతే ‘పైథాన్ -ఎమ్ ఎన్ష్యూర్‌పిప్’ కొడితే పిప్ వచ్చి చేరుతుంది.

మూడో అడుగు: ఎందుకు దారి తప్పిందో కనుక్కోండి

యాక్టివేట్ చేసినా వేరే పైథాన్ పలుకుతుంటే కారణం వెతకాలి. లేకపోతే రేపు మళ్లీ ఇదే. లినక్స్, మ్యాక్‌లలో ‘టైప్ పైథాన్’ అని కొట్టండి. ‘ఏలియస్’ లేదా ‘ఏలియస్డ్’ అన్న మాట కనబడితే, ఎప్పుడో మీ షెల్ సెట్టింగ్స్ ఫైల్‌లో పైథాన్ అనే పేరును సిస్టమ్ పైథాన్‌కు కట్టి ఉంచారన్నమాట. ఏలియస్ అనేది పాత్ కన్నా ముందే పనిచేస్తుంది కాబట్టి యాక్టివేట్ చేసినా ప్రయోజనం ఉండదు. ఆ లైను తీసేయండి. బ్యాష్‌లో ‘హ్యాష్డ్’ అని ఉండి పాత దారి చూపిస్తుంటే ‘హ్యాష్ -ఆర్’ కొడితే సరిపోతుంది.

విండోస్‌లో మామూలు కమాండ్ ప్రాంప్ట్ అయితే ‘వేర్ పైథాన్’, పవర్‌షెల్ అయితే ‘గెట్-కమాండ్ పైథాన్’ కొట్టండి. పవర్‌షెల్‌లో యాక్టివేట్ చేసే స్క్రిప్ట్‌నే సిస్టమ్ ఆపేయవచ్చు. స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. దాన్ని చూడకుండా ముందుకెళ్లి ఇన్‌స్టాల్ చేస్తే అంతా బయట పడుతుంది. ‘సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ -స్కోప్ ప్రాసెస్ రిమోట్‌సైన్డ్’ కొడితే ఆ ఒక్క విండోకు అనుమతి వస్తుంది. పై అనే లాంచర్ వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒట్టి పై అంటే యాక్టివ్ ఎన్విరాన్‌మెంట్‌నే తీసుకుంటుంది, కానీ పై -3.11 అని వెర్షన్ చెబితే ఎన్విరాన్‌మెంట్‌ను వదిలి సిస్టమ్‌లోని 3.11 దగ్గరికి వెళ్తుంది.

అడ్మిన్ అధికారంతో నడపడానికి సుడో ముందు పెట్టి నడిపినా ఇంతే. సుడో సాధారణంగా తన సొంత పాత్ వాడుతుంది కాబట్టి మీరు చేసిన యాక్టివేషన్ దానికి తెలియదు. నిర్ణీత సమయాలకు వాటంతటవే నడిచే క్రాన్ జాబులదీ అదే కథ. రెండుచోట్లా యాక్టివేట్ చేసే ప్రయత్నం వద్దు, ఎన్విరాన్‌మెంట్‌లోని పైథాన్‌ను పూర్తి దారితో రాయండి.

వీఎస్ కోడ్ వాడుతుంటే కమాండ్ ప్యాలెట్ తెరిచి ‘పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ ఎంచుకుని .వెన్వ్ లోపలి పైథాన్‌ను చూపించండి. జూపిటర్ నోట్‌బుక్‌లో సంగతి కాస్త వేరు. జూపిటర్ ఒక పైథాన్‌లో నడుస్తుంది, మీ కోడ్ కెర్నల్ అనే ఇంకో పైథాన్‌లో నడవవచ్చు. నోట్‌బుక్ సెల్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి పిప్ పిలిస్తే అది షెల్‌లో ఉన్న పిప్. శాతం గుర్తు పెట్టి ‘%పిప్ ఇన్‌స్టాల్’ అంటే అది ఆ కెర్నల్‌దే. మీ ఎన్విరాన్‌మెంట్ కెర్నల్ జాబితాలో కనబడకపోతే, దాన్ని యాక్టివేట్ చేసి ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ చేసి, ‘పైథాన్ -ఎమ్ ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ నాప్రాజెక్ట్’ కొట్టండి. తర్వాత నోట్‌బుక్‌లో ఆ కెర్నల్‌ను ఎంచుకోండి.

కాపీ చేసిన ఎన్విరాన్‌మెంట్

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది నా సమయం బాగా తినేసింది. ఒకసారి ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తాన్ని, .వెన్వ్‌తో సహా, ఇంకో పేరుతో కాపీ చేసుకుని పని మొదలుపెట్టాను. యాక్టివేట్ చేశాను, ఇన్‌స్టాల్ చేశాను, టెర్మినల్‌లో ప్రోగ్రామ్ నడిచింది. ఎడిటర్‌లో మాత్రం మాడ్యూల్ లేదన్న ఎర్రరే. నాలుగైదు సార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. చివరికి సిస్.ఎగ్జిక్యూటబుల్ అడిగితే తెలిసింది: టెర్మినల్ పాత ఫోల్డర్‌లోని పైథాన్‌ను వాడుతోంది, ఎడిటర్ కొత్త ఫోల్డర్‌లోని పైథాన్‌ను వాడుతోంది.

కారణం సులభం. ఎన్విరాన్‌మెంట్ తయారైనప్పుడు యాక్టివేట్ స్క్రిప్ట్‌లో ఆ ఫోల్డర్ పూర్తి దారి రాసి ఉంచుతారు. పిప్ లాంటి స్క్రిప్టుల మొదటి లైనులో కూడా అదే దారి ఉంటుంది. కాపీ చేసినా, పేరు మార్చినా ఆ అక్షరాలు మారవు. పాత ఫోల్డర్ ఇంకా ఉంటే ప్యాకేజీలు చప్పుడు లేకుండా అక్కడికి చేరతాయి. పాతది తీసేసి ఉంటే, ప్రాంప్ట్‌లో పేరు కనబడుతూనే సిస్టమ్ పైథాన్ పలుకుతుంది, లేదా ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అన్న ఎర్రర్ వస్తుంది. ఎన్విరాన్‌మెంట్‌ను కదిలించకండి, గిట్‌లో పెట్టకండి, ఇంకో కంప్యూటర్‌కు పంపకండి. ప్యాకేజీల జాబితా పంపండి, అక్కడ కొత్తది తయారవుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ తర్వాత ఉన్నట్టుండి అన్ని ప్యాకేజీలూ మాయమైతే ఇంకో కారణం ఉంది. లినక్స్‌లో ఎన్విరాన్‌మెంట్ లోపలి పైథాన్ మామూలుగా సిస్టమ్ పైథాన్‌కు ఒక లింకు మాత్రమే. నిన్నటి దాకా అది 3.11, ఇవాళ 3.12 అయింది అనుకోండి. కొత్తది పైథాన్3.12 అన్న పేరున్న ఫోల్డర్‌లో వెతుకుతుంది, మీ ప్యాకేజీలేమో పైథాన్3.11 ఫోల్డర్‌లో ఉన్నాయి. ఫైళ్లను అటూ ఇటూ మార్చవద్దు. కొత్త ఎన్విరాన్‌మెంట్ తయారుచేయడమే సరైన దారి.

నాలుగో అడుగు: పేరు సరైనదేనా

పైథాన్ సరిగ్గానే ఉంది, పిప్ కూడా దానిదే, అయినా దొరకడం లేదు. అప్పుడు పేరు చూడండి. ఇన్‌స్టాల్ చేసే పేరు, ఇంపోర్ట్ చేసే పేరు ఒకటే కావాలన్న నియమం లేదు. ఓపెన్‌సీవీ-పైథాన్ ఇన్‌స్టాల్ చేసి సీవీ2 అని ఇంపోర్ట్ చేస్తాం. పిల్లో అయితే పీఐఎల్ అని, అది కూడా పెద్ద అక్షరాల్లో. సైకిట్-లెర్న్ అయితే ఎస్‌కేలెర్న్, బ్యూటిఫుల్‌సూప్4 అయితే బీఎస్4, పైయామల్ అయితే యామల్, పైథాన్-డాట్ఎన్వ్ అయితే డాట్ఎన్వ్.

ఎర్రర్‌లో కనబడిన పేరునే గుడ్డిగా పిప్‌కు ఇచ్చేయడం ప్రమాదం. పిప్ ప్యాకేజీలు తెచ్చే పైపీఐ అనే సైట్‌లో, ఎవరూ తీసుకోని దాదాపు ఏ పేరుతోనైనా ఎవరైనా ప్యాకేజీ పెట్టవచ్చు. ప్రసిద్ధ పేర్లకు దగ్గరగా ఉండే పేర్లతో హానికరమైన ప్యాకేజీలు పెట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ లైబ్రరీ సొంత డాక్యుమెంటేషన్‌లో ఇన్‌స్టాల్ పేరు ఏమని రాశారో చూసి తర్వాతే కొట్టండి.

ఐదో అడుగు: మీ ఫైలే అడ్డుపడుతోందా

పైథాన్ ఒక స్క్రిప్ట్‌ను నడిపేటప్పుడు అన్నిటికన్నా ముందు ఆ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. మీరు ప్రాక్టీస్ కోసం రాసిన ఫైల్‌కు ర్యాండమ్.పై అనో, రిక్వెస్ట్స్.పై అనో, ఈమెయిల్.పై అనో పేరు పెట్టారా? అసలు లైబ్రరీ బదులు మీ ఫైలే ఇంపోర్ట్ అవుతుంది. ఫలితంగా ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్’ అనో, ‘ఆ పేరుతో అట్రిబ్యూట్ లేదు’ అనో వస్తుంది. ఇలా పరీక్షించండి:

పైథాన్ -సి "ఇంపోర్ట్ రిక్వెస్ట్స్; ప్రింట్(రిక్వెస్ట్స్.__ఫైల్__)"

దీన్ని మీ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లో నిలబడి నడపండి. వచ్చిన దారి సైట్-ప్యాకేజెస్‌లో కాకుండా మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉంటే ఫైల్ పేరు మార్చండి. పైథాన్ 3.13 నుంచి స్టాండర్డ్ లైబ్రరీ పేర్లతో ఇలా గొడవ వస్తే ‘ఈ ఫైల్ పేరు మార్చి చూడండి’ అని ఎర్రరే సలహా ఇస్తోంది. మంచి మార్పు.

అదే ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్’ మాట నిజమైన చుట్టుతిరుగుడు ఇంపోర్ట్ వల్ల కూడా వస్తుంది. ఏ.పై బీని ఇంపోర్ట్ చేస్తుంది, బీ.పై తిరిగి ఏని ఇంపోర్ట్ చేస్తుంది. రెండిటికీ కావలసిన భాగాన్ని మూడో ఫైల్‌లోకి తీయండి.

మీ సొంత ప్యాకేజీ దొరకకపోతే

ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో యాప్ అనే ఫోల్డర్, అందులో మెయిన్.పై, యుటిల్స్.పై ఉన్నాయనుకుందాం. మెయిన్‌లో ‘ఫ్రమ్ యాప్.యుటిల్స్ ఇంపోర్ట్...’ అని రాసి, పైథాన్ యాప్/మెయిన్.పై అని నడిపితే ఎర్రర్ వస్తుంది. వెతికే జాబితాలో మొదట చేరింది యాప్ ఫోల్డర్, దానిపైన ఉన్న ప్రాజెక్ట్ ఫోల్డర్ కాదు. యాప్ లోపల నిలబడి వెతికితే యాప్ ఎలా దొరుకుతుంది? ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉండి ఇలా నడపండి:

పైథాన్ -ఎమ్ యాప్.మెయిన్

‘అటెంప్టెడ్ రిలేటివ్ ఇంపోర్ట్ విత్ నో నోన్ పేరెంట్ ప్యాకేజ్’ అన్న ఎర్రర్‌కు కూడా ఇదే మందు. టెస్టులు, వేరే స్క్రిప్టులు కూడా ఉన్న ప్రాజెక్ట్ అయితే ప్రాజెక్ట్ వివరాలుండే పైప్రాజెక్ట్.టామల్ ఫైల్ రాసి, ‘పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ -ఈ .’ చేయండి. మీ కోడ్ కూడా ఒక ప్యాకేజీలా ఎన్విరాన్‌మెంట్‌లో చేరుతుంది, ఎక్కడినుంచైనా దొరుకుతుంది. ప్రతి ఫైల్ పైన సిస్.పాత్.అపెండ్ రాసే పద్ధతి తాత్కాలికంగా పనిచేసినా, ఫోల్డర్లు మారగానే విరిగిపోతుంది. దాన్ని నేను ఎవరికీ సూచించను.

ఆరో అడుగు: వెర్షన్లు

పాత కోడ్ కొత్త పైథాన్‌లో నడిపితే వచ్చే ఎర్రర్లు కొన్ని గుర్తుంచుకోదగ్గవి. కలెక్షన్స్ నుంచి మ్యాపింగ్ ఇంపోర్ట్ కాకపోతే అది 3.10లో తీసేసిన పాత దారి, ఇప్పుడు కలెక్షన్స్.ఏబీసీ నుంచి తెచ్చుకోవాలి. డిస్ట్‌యుటిల్స్, ఇంప్ అనే మాడ్యూళ్లను 3.12లో తీసేశారు, సీజీఐని 3.13లో తీసేశారు. 3.12 నుంచి వెన్వ్ కొత్త ఎన్విరాన్‌మెంట్లలో సెటప్‌టూల్స్‌ను తనంతట తాను పెట్టదు. డిస్ట్‌యుటిల్స్ లేదన్న ఎర్రర్ వస్తే సెటప్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే చాలాసార్లు తీరుతుంది. కానీ అడుగుతున్న లైబ్రరీకి కొత్త వెర్షన్ ఉంటే అది తెచ్చుకోవడం మేలు.

2024 జూన్‌లో నంపై 2.0 వచ్చాక, 1.x కోసం కంపైల్ అయిన లైబ్రరీలు దానితో ఇంపోర్ట్ దశలోనే విఫలమవడం మొదలైంది. ‘నంపై.కోర్.మల్టీఅరే ఫెయిల్డ్ టు ఇంపోర్ట్’ అన్నది అలాంటిదే. ఆ లైబ్రరీని అప్‌గ్రేడ్ చేయండి, కుదరకపోతే ‘పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ "నంపై<2"’ అని కొట్టండి. కొటేషన్ గుర్తులు తప్పనిసరి, లేకపోతే షెల్ ఆ చిన్నది గుర్తును వేరేగా అర్థం చేసుకుంటుంది.

డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్ రకానికి విండోస్‌లో విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ లేకపోవడం ఒక సాధారణ కారణం. యాపిల్ సిలికాన్ మ్యాక్‌లలో పైథాన్ ఒక ఆర్కిటెక్చర్‌ది (అంటే ప్రాసెసర్ రకానిది), ప్యాకేజీ ఇంకోదానిది అయితే ‘ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్’ అని వస్తుంది. సరైన ఆర్కిటెక్చర్ ఉన్న పైథాన్‌తో ఎన్విరాన్‌మెంట్ మళ్లీ తయారుచేయండి.

‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని వస్తే

ఇది ఇంపోర్ట్ ఎర్రర్ కాదు కానీ దాని ముందు మెట్టు. 2023లో వచ్చిన డెబియన్ 12 లాంటి లినక్స్‌లలో సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో ఇన్‌స్టాల్ చేయనివ్వరు. మీరు ఎన్విరాన్‌మెంట్ లోపల ఉన్నాననుకుంటుండగా ఈ మాట వస్తే, మీరు లోపల లేరని అర్థం. ఒకటో అడుగుకు తిరిగి వెళ్లండి. --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ పెట్టి దాటేయకండి, ఆపరేటింగ్ సిస్టమ్ టూల్సే ఆ పైథాన్ మీద ఆధారపడి ఉంటాయి. డెబియన్, ఉబుంటులలో వెన్వ్ తయారే కాకపోతే పైథాన్3-వెన్వ్ అనే ప్యాకేజీని ఏపీటీతో విడిగా పెట్టుకోవాలి.

ఏడో అడుగు: కొత్తగా కట్టడం

కారణం తెలిసిన తర్వాత కూడా ఎన్విరాన్‌మెంట్ చిందరవందరగా ఉంటే దాన్ని బాగుచేస్తూ కూర్చోకండి. పాత ఎన్విరాన్‌మెంట్ ఇంకా నడుస్తుంటే, ముందు ‘పైథాన్ -ఎమ్ పిప్ ఫ్రీజ్ > రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ’ అని జాబితా తీసుకోండి. ఆ ఫైల్ తెరిచి మీకు అవసరమైనవే ఉన్నాయా అని చూడండి. డీయాక్టివేట్ చేసి, .వెన్వ్ ఫోల్డర్ తీసేయండి. తర్వాత వరసగా ఇవి:

పైథాన్3 -ఎమ్ వెన్వ్ .వెన్వ్

సోర్స్ .వెన్వ్/బిన్/యాక్టివేట్

పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ

పైథాన్ -ఎమ్ పిప్ చెక్

విండోస్‌లో మొదటి లైనులో పైథాన్3 బదులు పైథాన్, రెండో లైను బదులు ‘.వెన్వ్\స్క్రిప్ట్స్\యాక్టివేట్’. చివరి కమాండ్ ప్యాకేజీల మధ్య వెర్షన్ గొడవలుంటే పేర్లతో సహా చెబుతుంది.

ఇంత చేసినా అదే ఎర్రర్ వస్తే ఒక్క చోటు మిగిలింది. పైథాన్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఎప్పుడైనా సెట్ చేసి ఉంటే, అందులోని ఫోల్డర్లు ప్రతి ఎన్విరాన్‌మెంట్‌లోకీ చొరబడతాయి, సైట్-ప్యాకేజెస్ కన్నా ముందే వెతకబడతాయి. స్క్రిప్ట్‌ను ‘పైథాన్ -ఈ’ అని, ఈ అక్షరం మాత్రం పెద్దదిగా కొట్టి నడపండి. అలా నడిపితే ఆ వేరియబుల్‌ను పైథాన్ పట్టించుకోదు. అప్పుడు ఎర్రర్ పోతే, షెల్ సెట్టింగ్స్ ఫైల్‌లోనో విండోస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోనో ఆ లైను వెతికి తీసేసి, టెర్మినల్ మూసి మళ్లీ తెరవండి.